సమనర్స్ వార్: డ్రాగన్స్ లైర్‌లో డీబఫ్‌ల లెక్కల డైరీ

ఆట సమనర్స్ వార్, మాన్‌స్టర్ల టీమ్ కట్టి ఫోన్‌లో ఆడేది. కొరియా కంపెనీ కామ్‌టూఅస్ 2014లో విడుదల చేసింది. ఈ డైరీ 2018 నాటి నా అకౌంటు మీద రాసుకున్నది. డ్రాగన్స్ లైర్ అంటే చివర్లో డ్రాగన్ బాస్ ఉండే గుహ; అప్పటికి అందులో ఆఖరిది పదో అంతస్తే. తర్వాత పన్నెండు దాకా పెంచారు కాబట్టి ఇక్కడి అంకెల్ని పై అంతస్తులకు నేరుగా వాడొద్దు. సూత్రాలు మాత్రం అవే.

టీమ్: వెర్డెహైల్, బెల్లాడియన్, వెరోమోస్, మేగన్, సిగ్మారస్. ఆ రోజుల్లో పదో అంతస్తుకి ఎవరిని అడిగినా చెప్పే టీమే. టీమ్ కాపీ కొట్టడం తేలిక. కాపీ కొట్టాక కూడా ఎందుకు ఓడిపోతున్నామన్నదే ఈ డైరీ.

పరికరాలు: ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్, రూళ్ళ నోటుబుక్కు, క్యాలిక్యులేటర్. రికార్డింగ్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. ఆటోలో మూడు రెట్ల వేగంతో నడుస్తుంటే తెర మీద పదాలు కంటికి ఆనవు.

దశ 1: తెర మీద ఏం రాస్తోందో చదవడం

డీబఫ్ అంటే ఎదుటివాడి మీద వేసే చెడు ప్రభావం. అది పడలేదంటే నాలుగు కారణాలు ఉండొచ్చు. అన్నిటినీ "రెసిస్ట్ అయింది" అని ఒకే గంపలో వేస్తే తర్వాత లెక్కలన్నీ తప్పుతాయి. ఆట వీటిని ఈ వరసలో తేలుస్తుంది.

1. దెబ్బ గ్లాన్సింగ్ (సరిగ్గా తగలకుండా జారిపోవడం) అయిందా? అయితే డ్యామేజ్ 30 శాతం తగ్గుతుంది, డీబఫ్ అసలు పడదు. తెర మీద గ్లాన్సింగ్ అని వస్తుంది.
2. స్కిల్‌కి ఉన్న శాతం తగిలిందా? తగలకపోతే తెర మీద ఏమీ రాదు. నిశ్శబ్దం.
3. ఎదుటివాడికి ఇమ్యూనిటీ (డీబఫ్‌లు పడనివ్వని రక్షణ) ఉందా? ఉంటే ఆ మాటే కనిపిస్తుంది.
4. ఇవన్నీ దాటాక రెసిస్ట్ పాచిక. ఇక్కడ ఆగితేనే రెసిస్ట్ అని వస్తుంది.

నోటుబుక్కులో ఐదు గడులు గీశాను: పడింది, రెసిస్ట్, గ్లాన్సింగ్, ఇమ్యూనిటీ, నిశ్శబ్దం. యాక్యురసీ (మన డీబఫ్ రెసిస్ట్ కాకుండా చూసే గుణం) పెంచితే మారేది రెండో గడి ఒక్కటే. నిశ్శబ్దం ఎక్కువగా ఉంటే స్కిల్ లెవెల్ పెంచుకోవాలి. గ్లాన్సింగ్ ఎక్కువగా ఉంటే మూలకం తప్పు. నిప్పు గాలిని, గాలి నీటిని, నీరు నిప్పుని కొడతాయి. డ్రాగన్ నిప్పు కాబట్టి గాలి మాన్‌స్టర్లతో వెళ్ళి "యాక్యురసీ ఉన్నా పడట్లేదు" అని మొత్తుకోవడం దండగ.

దశ 2: 15 శాతం నేల

రెసిస్ట్ సూత్రం చిన్నది. ఎదుటివాడి రెసిస్టెన్స్‌లోంచి (డీబఫ్‌ని తప్పించుకునే గుణంలోంచి) మన యాక్యురసీ తీసేయాలి. వచ్చింది 15 కంటే తక్కువైతే 15గా పట్టుకోవాలి. అదే రెసిస్ట్ అయ్యే అవకాశం.

అంటే ఎంత యాక్యురసీ పెట్టినా వందలో పదిహేను ఎగిరిపోతాయి. స్కిల్ శాతం 75 అనుకుంటే అసలు పడేది 75 × 0.85, అంటే 63.75 శాతం. నూటికి నూరు తగిలే స్కిల్‌కి కూడా 85 దాటదు. రూన్లు మాన్‌స్టర్లకి బలం కోసం తొడిగే రాళ్ళు; వాటిలో డెస్పెయిర్ రూన్ల స్టన్ (ఎదుటివాడి టర్న్ పోగొట్టే డీబఫ్) 25 శాతం కాబట్టి చేతికొచ్చేది 21.25.

నమ్మడానికి ముందు కొలిచి చూశాను. సీనారియోలోని మామూలు మాన్‌స్టర్ల మీద బెల్లాడియన్ మొదటి స్కిల్ వాడాను. చాలా మాన్‌స్టర్లకి పుట్టుకతో వచ్చే రెసిస్టెన్స్ 15. గ్లాన్సింగ్, నిశ్శబ్దం పక్కన పెట్టి, పాచిక దాకా వచ్చినవే లెక్కేశాను.

మొదటి పేజీ చివర: పాచికలు 40, రెసిస్ట్ 9. అంటే 22.5 శాతం.
రెండో పేజీ చివరికి మొత్తం: 95కి 16. అంటే 16.8 శాతం.
మూడో పేజీ చివరికి మొత్తం: 162కి 23. అంటే 14.2 శాతం.

మొదటి పేజీ దగ్గరే ఆగిపోయుంటే సూత్రం అబద్ధమని తేల్చేసేవాణ్ణి. నలభై పాచికలతో ఏదీ తేలదు. మీరు కొలిచేటప్పుడు కనీసం వంద దాటండి. ఓపిక లేకపోతే నా అంకె తీసుకుని ముందుకెళ్ళండి.

దశ 3: ఎందుకు చస్తున్నాం

ఓడిన ఆటల రికార్డింగులు వెనక్కి తిప్పి చూస్తే అన్నిట్లో ఒకటే వరస. డ్రాగన్ దెబ్బ అందరికీ తగులుతుంది, అందరి మీదా కంటిన్యూయస్ డ్యామేజ్ పడుతుంది. దాన్నే మనవాళ్ళు డాట్ అంటారు. ఒక్కో డాట్ మన టర్న్ మొదలవగానే గరిష్ఠ హెచ్‌పీలో (ప్రాణశక్తిలో) 5 శాతం తినేస్తుంది. ఇవి ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఒక మాన్‌స్టర్ మీద మొత్తం పది డీబఫ్‌ల దాకా పడతాయి.

30,000 హెచ్‌పీ ఉన్న మాన్‌స్టర్‌కి లెక్క:

ఒక డాట్: 1,500
రెండు: 3,000
నాలుగు: 6,000, అంటే ఐదో వంతు
పది గడులూ డాట్లే అయితే: 15,000

డాట్‌కి డిఫెన్స్ అడ్డు రాదు. హెచ్‌పీ పెంచితే అది కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. నా మొదటి ప్లాన్ హీల్ పెంచుకుంటూ పోవడం. బెల్లాడియన్ హీల్‌కి కూల్‌డౌన్ (మళ్ళీ వాడేదాకా ఆగాల్సిన టర్న్‌లు) ఉంది, డాట్‌కి లేదు. హీల్ వచ్చేలోపు ఎవరో ఒకరు పడిపోతున్నారు. ఆ ప్లాన్ కొట్టేశాను.

ఇక్కడే ఇంకో సంగతి బయటపడింది. డాట్ గడియారం ఆట మొత్తానికి ఒకటి కాదు. ఎవరి టర్న్‌కి వాళ్ళ డాట్ పనిచేస్తుంది, ఎవరి టర్న్‌కి వాళ్ళ గడువు తరుగుతుంది. వెర్డెహైల్ క్రిటికల్ కొట్టిన ప్రతిసారీ టీమ్ అందరి అటాక్ బార్ (నిండితే టర్న్ వచ్చే గీత) 20 శాతం ముందుకి జరుగుతుంది. ఆటని గెలిపించేది అదే. కానీ అదే జోరులో మన వాళ్ళు డాట్‌లు కూడా గబగబా తింటారు. టీమ్ వేగం పెరిగే కొద్దీ, డీబఫ్ తీసేవాడు వెనకబడితే చావు కూడా త్వరగా వస్తుంది. రికార్డింగ్‌లో ఇది చూసేదాకా నాకు తట్టలేదు. ఎవరూ రాయగా కూడా చదవలేదు.

దశ 4: రెసిస్టెన్స్ ప్రయోగం

నాకంటే ముందు నుంచీ ఆడుతున్న మా బావ సలహా: "ఒరేయ్, వెరోమోస్‌కి రెసిస్టెన్స్ ఎక్కించు. వాడి మీద ఏమీ పడకపోతే మిగతావాళ్ళవి వాడే తీసేస్తాడు."

వినడానికి బాగుంది. వెరోమోస్ పాసివ్ (తనంతట తానే పనిచేసే స్కిల్) ఇది: తన టర్న్ వచ్చినప్పుడల్లా మన టీమ్‌లో ఒక్కొక్కరి మీద నుంచి ఒక్కో డీబఫ్ తీసేస్తాడు.

ఒక్కో మాన్‌స్టర్‌కి రూన్లు పెట్టే స్లాట్లు ఆరు. అప్పటికి వెరోమోస్ రూన్లు: ఒకటి, రెండు, నాలుగు, ఐదు స్లాట్లలో డెస్పెయిర్. మూడు, ఆరులో ఎనర్జీ. చేసిన మార్పులు:

1. ఆరో స్లాట్‌లో ఉన్న ఆరు స్టార్ల హెచ్‌పీ రూన్ తీశాను. పీకుడు ఖర్చు 50,000 మనా (ఆటలోని డబ్బు).
2. మూడో స్లాట్‌లో ఉన్న ఐదు స్టార్ల రూన్ తీశాను. 25,000.
3. రెండు చోట్లా ఎండ్యూర్ రూన్లు వేశాను. ఆరో స్లాట్‌లో ప్రధాన గుణం రెసిస్టెన్స్, +15 దగ్గర 64.

రెసిస్టెన్స్: పుట్టుకతో 15, ఆరో స్లాట్ 64, ఎండ్యూర్ సెట్ 20. మొత్తం 99.
పోయింది: ఆరో స్లాట్ హెచ్‌పీ 63, ఎనర్జీ సెట్ 15. అంటే బేస్ హెచ్‌పీలో 78 శాతం.
ఇప్పటిదాకా మనా: 75,000.

99 అనగానే ఇక ఏమీ పడదనిపిస్తుంది. కానీ సూత్రంలో ఎదుటివాడి యాక్యురసీ కూడా ఉంది. అది 25 అయితే మనం 74 శాతం తప్పించుకుంటాం. 50 అయితే 49 శాతమే, అంటే సగం పడతాయి. పైగా ఇదంతా ఒక్క వెరోమోస్‌కి. మిగతా నలుగురూ 15 దగ్గరే ఉన్నారు, వాళ్ళ మీద ఎప్పటిలాగే వందలో 85 పడుతున్నాయి.

జరిగింది కూడా అదే. వెరోమోస్ మీద డాట్‌లు తగ్గాయి. మిగతావాళ్ళు ఒక్కొక్కరే రాలిపోయారు. చివరికి మిగిలిన వెరోమోస్, హెచ్‌పీ తగ్గించుకుని ఉన్నాడు కదా, డ్రాగన్ మామూలు దెబ్బకే పోయాడు. బావకి రికార్డింగ్ పంపించి, "ఎక్కించాను బావా, ఇప్పుడు వాడొక్కడే శుభ్రంగా నిలబడి అందరూ చావడం చూస్తున్నాడు" అన్నాను. ఆయన ఒక నవ్వు బొమ్మ పెట్టి ఊరుకున్నాడు.

ఎండ్యూర్ రూన్లు రెండూ పీకి, పాత ఎనర్జీ రూన్లు తిరిగి పెట్టాను. ఇంకో 75,000.

ఇప్పటిదాకా మనా: 1,50,000.

రెసిస్టెన్స్ పనికిరాదని కాదు. అరీనాలో (వేరే ఆటగాళ్ళ టీములతో పోటీలో) అందరికీ రెసిస్టెన్స్ ఎక్కించి, ఎదుటివాడి లెక్క చెడగొట్టే టీములున్నాయి. అక్కడ నలుగురికీ పెట్టే స్తోమత కావాలి. ఒక్కడికి పెట్టి లాభం లేదు.

దశ 5: వెరోమోస్ వేగం

డీబఫ్ పడకుండా ఆపలేం. పడ్డాక పనిచేసే లోపు తీసేయాలి. అంటే మిగతావాళ్ళకంటే ముందు వెరోమోస్ టర్న్ రావాలి. ఇక్కణ్ణుంచి డైరీ మొత్తం స్పీడ్ లెక్కే.

ఆటలో కాలం టిక్కుల్లో నడుస్తుంది. ఒక్కో టిక్కుకి స్పీడ్‌లో 7 శాతం అటాక్ బార్‌లోకి చేరుతుంది. బార్ వంద దాటినవాడు కదులుతాడు. ఒకే టిక్కులో ఇద్దరు దాటితే బార్ ఎక్కువున్నవాడు ముందు.

వెరోమోస్ స్పీడ్ అప్పుడు: బేస్ 100, స్కై టోటెమ్ (టీమ్‌కి స్పీడ్ పెంచే కట్టడం) 15, సబ్‌స్టాట్ల (రూన్ల అదనపు గుణాల) నుంచి 23. మొత్తం 138. రెండో స్లాట్‌లో హెచ్‌పీ ఉంది, ఎక్కువసేపు బతకాలని పెట్టింది. డాట్ శాతాల్లో తింటుందని తెలిశాక దానికి అర్థం లేదు. టీమ్‌లో మిగతావాళ్ళు దాదాపు 170.

138 స్పీడ్: టిక్కుకి 9.66. వంద దాటడానికి 11 టిక్కులు.
170 స్పీడ్: టిక్కుకి 11.9. వంద దాటడానికి 9 టిక్కులు.

రెండు టిక్కులు వెనక. అందరూ డాట్ తిన్నాక వెరోమోస్ వచ్చి తీస్తున్నాడు.

మార్పు ఒకటి: రెండో స్లాట్‌లో హెచ్‌పీ డెస్పెయిర్ తీసి, ఐదు స్టార్ల స్పీడ్ డెస్పెయిర్ వేశాను. +15 దగ్గర 39 ఇస్తుంది. మొత్తం 177. ఖర్చు 25,000.

ఇప్పటిదాకా మనా: 1,75,000.

ఆట మెరుగైంది, కానీ నిలకడ లేదు. కొన్నిసార్లు ముందు వస్తున్నాడు, కొన్నిసార్లు వెర్డెహైల్ ఇచ్చే 20 శాతం పడిన సమయాన్ని బట్టి వెనకబడుతున్నాడు. 177 కదా, 170 కంటే ఎక్కువే కదా అనుకుని కారణం తెలియక, ఉన్న మంచి స్విఫ్ట్ రూన్లన్నీ తెచ్చి వెరోమోస్‌కి పెట్టాను.

మార్పు రెండు: నాలుగు డెస్పెయిర్ రూన్లూ తీశాను. ఆరు స్టార్లవి రెండు, ఐదు స్టార్లవి రెండు: 1,50,000. స్విఫ్ట్ వేశాక స్పీడ్: బేస్ 100, టోటెమ్ 15, సెట్ 25, రెండో స్లాట్‌లో ఆరు స్టార్ల స్పీడ్ 42, సబ్‌లు 18. మొత్తం 200.

ఇప్పటిదాకా మనా: 3,25,000.

డాట్ గొడవ తీరిపోయింది. కొత్త గొడవ మొదలైంది: బాస్‌కి ముందు వచ్చే గుంపుల దగ్గర డెస్పెయిర్ స్టన్ లేక దెబ్బలు ఎక్కువ తగులుతున్నాయి. వెరోమోస్ రెండో స్కిల్ అందరినీ కొడుతుంది. దానికి డెస్పెయిర్ తోడైతే సగం గుంపు నిలబడిపోయేది. అది పోయాక బాస్ దగ్గరికి వెళ్ళేసరికే టీమ్ నీరసంగా ఉంటోంది. ఆట సమయం కూడా పెరిగింది.

అప్పుడు కూర్చుని టిక్కులు మళ్ళీ లెక్కేశాను. ముందే చేయాల్సిన లెక్క:

170 స్పీడ్: 9 టిక్కులు.
177 స్పీడ్: టిక్కుకి 12.39. ఎనిమిది టిక్కులకి 99.12. అంటే 9 టిక్కులు.
178 స్పీడ్: ఎనిమిది టిక్కులకి 99.68. ఇదీ 9 టిక్కులే.
179 స్పీడ్: ఎనిమిది టిక్కులకి 100.24. 8 టిక్కులు.
200 స్పీడ్: 8 టిక్కులు.
204 స్పీడ్: ఇదీ 8 టిక్కులే.
205 స్పీడ్: 7 టిక్కులు.

177 ఉన్నవాడు, 170 ఉన్నవాడు ఒకే టిక్కులో కదులుతున్నారు. అందుకే నిలకడ లేదు. ఇంకో రెండు స్పీడ్ చేరితే ఒక టిక్కు మొత్తం కలిసొస్తుంది. 179 నుంచి 204 దాకా ఎంత పెట్టినా సున్నా నుంచి ఒకటే దూరం. 200 కోసం లక్షన్నర మనా తగలేశాను, కావలసింది రెండు.

వెర్డెహైల్ 20 శాతం ఇచ్చాక కూడా ఇదే నిలబడుతుందా అని చూశాను. అప్పుడు నిండాల్సింది 80 మాత్రమే:

138: 9 టిక్కులు.
170: 7 టిక్కులు.
179: 7 టిక్కులు. ఏడు టిక్కులకి 87.71. 170 వాడికి 83.3. బార్ ఎక్కువ కాబట్టి వెరోమోసే ముందు.
200: 6 టిక్కులు.

ఇక్కడ 200కి ఒక టిక్కు లాభం ఉంది, ఒప్పుకుంటాను. కానీ 179 కూడా వరసలో ముందే ఉంటోంది, డ్రాగన్‌కి అది చాలు.

మార్పు మూడు: స్విఫ్ట్ రూన్లు తీశాను. ఆరు స్టార్లవి మూడు, ఐదు స్టార్లది ఒకటి: 1,75,000. డెస్పెయిర్ తిరిగి పెట్టేటప్పుడు నాలుగో స్లాట్‌లో సబ్ స్పీడ్ 4 ఎక్కువున్న వేరే డెస్పెయిర్ రూన్ వేశాను. బేస్ 100, టోటెమ్ 15, రెండో స్లాట్ 39, సబ్‌లు 27. మొత్తం 181.

ఇప్పటిదాకా మనా: 5,00,000.

కామ్‌టూఅస్ అప్పుడప్పుడూ రూన్లు ఉచితంగా పీక్కునే రోజు పెడుతుంది. ఇలాంటి ప్రయోగాలకి ఆ రోజు దాకా ఆగండి. లేదా నాలాగా కాకుండా ముందు కాగితం మీద టిక్కులు వేసుకోండి. కాగితానికి మనా అక్కర్లేదు.

ఈ దశ కాపీ కొట్టేవాళ్ళకి:

1. టీమ్‌లో డాట్ వల్ల ముందు చచ్చేవాడి స్పీడ్ చూడండి.
2. దాన్ని 7తో గుణించి 100తో భాగించండి. టిక్కుకి ఎంత నిండుతుందో వస్తుంది.
3. వందని దానితో భాగించి పై అంకెకి సవరించండి. అవి వాడి టిక్కులు.
4. డీబఫ్ తీసేవాడికి దానికంటే ఒక టిక్కు తక్కువ వచ్చేలా స్పీడ్ పెట్టండి. అంతకు మించి పెట్టకండి.

మీ దగ్గర వెరోమోస్ ఇంకా ఫ్యూజన్ (వేరే మాన్‌స్టర్లని కలిపి తయారుచేయడం) కాలేదా? నీటి హౌల్ లులు, గాలి అండీన్ డెల్ఫోయ్ ఈ పని చేస్తాయి. కానీ వాళ్ళది స్కిల్, కూల్‌డౌన్ ఉంటుంది. వెరోమోస్‌ది పాసివ్, ప్రతి టర్న్‌కీ పనిచేస్తుంది. అందుకని వాళ్ళతో టిక్కుల లెక్క ఒక్కటే చాలదు, కూల్‌డౌన్ కూడా కలపాలి.

దశ 6: బెల్లాడియన్ యాక్యురసీ

ఇప్పుడు టీమ్ చావట్లేదు. కానీ ఆట ముగియట్లేదు. డ్రాగన్ ఇమ్యూనిటీ వేసుకుని కూర్చుంటే మనం వేసే డిఫెన్స్ బ్రేక్ (డ్రాగన్ డిఫెన్స్ తగ్గించే డీబఫ్) పడదు. దాన్ని తీసే పని బెల్లాడియన్ రెండో స్కిల్‌ది. ఇలా ఎదుటివాడి మంచి ప్రభావాలు తీసేయడాన్ని స్ట్రిప్ అంటారు. అది డీబఫ్ కాదు కాబట్టి దానికి ఇమ్యూనిటీ అడ్డు రాదు, కానీ రెసిస్ట్ పాచిక మాత్రం దీనికీ ఉంటుంది.

పదో అంతస్తు డ్రాగన్‌కి 55 యాక్యురసీ చాలన్నది ఆటగాళ్ళ మధ్య స్థిరపడిన అంకె. జెయింట్స్ కీప్ (అలాంటి ఇంకో గుహ) పదికి 45. దీన్ని తిరగేస్తే డ్రాగన్ రెసిస్టెన్స్ 70 అని తేలుతుంది.

నా బెల్లాడియన్‌కి సబ్‌స్టాట్ల నుంచి 7, 12, 6, 11. మొత్తం 36.

36 దగ్గర: 70 లోంచి 36 తీస్తే 34. మూడింట ఒక స్ట్రిప్ గాలికి పోతోంది.
ఫోకస్ సెట్ 20 కలిపితే 56: 70 లోంచి 56 తీస్తే 14. నేల 15 కాబట్టి 15.
85 దాకా పెంచితే: అదే 15.

రెండు ఎనర్జీ రూన్లు తీసి ఫోకస్ రూన్లు పెట్టాను. రెండూ ఐదు స్టార్లవే, 50,000. పోయిన ఎనర్జీ రూన్లలో యాక్యురసీ సబ్ లేదు కాబట్టి 36 అలాగే ఉంది.

ఇప్పటిదాకా మనా: 5,50,000.

మొదట ఆరో స్లాట్‌లో యాక్యురసీ వేద్దామనుకున్నాను. 64 ఇస్తుంది. 36తో కలిపితే సరిగ్గా వంద. అందులో 45 బూడిదలో పోసిన పన్నీరే, హెచ్‌పీ 63 శాతం పోయేది కూడా. బెల్లాడియన్ చనిపోతే స్ట్రిప్ ఎవరు చేస్తారు?

స్ట్రిప్ నిలకడగా పడటం మొదలయ్యాక ఆట సమయం బాగా తగ్గింది. ఎందుకో అంకెల్లో చూస్తే ఆశ్చర్యం ఉండదు. ఈ ఆటలో డ్యామేజ్‌ని 1000 / (1140 + 3.5 × డిఫెన్స్) తో గుణిస్తారు. డిఫెన్స్ 1000 ఉన్నవాడికి అది 0.2155. డిఫెన్స్ బ్రేక్ పడితే డిఫెన్స్ 70 శాతం పోయి 300 మిగులుతుంది, అప్పుడు 0.4566. రెండు రెట్ల పైన. దాని మీద బ్రాండ్ (తగిలే డ్యామేజ్ పెంచే డీబఫ్) కూడా పడితే ఇంకో 25 శాతం, మొత్తం 2.65 రెట్లు. ఒక్క టర్న్ ఇమ్యూనిటీ నిలిచిందంటే ఇదంతా పోయినట్టే.

దశ 7: అరీనాకి పట్టుకెళ్తే

ఇదే వెరోమోస్‌ని అలాగే అరీనాలో దింపాను. అక్కడ స్లో పడుతుంది. స్లో అంటే స్పీడ్ 30 శాతం తగ్గడం.

181కి స్లో పడితే 126.7. టిక్కుకి 8.87. వంద దాటడానికి 12 టిక్కులు.
200కి స్లో పడితే 140. టిక్కుకి 9.8. 11 టిక్కులు.

డ్రాగన్ దగ్గర అక్కర్లేని ఆ 19 స్పీడ్ ఇక్కడ ఒక టిక్కు ఇస్తోంది. కాబట్టి పై దశలో "అంతకు మించి పెట్టకండి" అన్నది డ్రాగన్ వరకే. అరీనాకి విడిగా లెక్క కట్టుకోవాలి.

స్లో కంటే ముప్పు ఆబ్లివియన్. అది పాసివ్‌ని ఆపేస్తుంది, వెరోమోస్ విలువంతా పాసివ్‌లోనే ఉంది. ఆబ్లివియన్ పడ్డాక వాడి టర్న్ వచ్చినా ఎవరి డీబఫ్‌లూ పోవు. సైలెన్స్ దానికి తిరగబడ్డ రకం: కూల్‌డౌన్ ఉన్న స్కిల్స్ ఆగిపోతాయి, పాసివ్ నడుస్తూనే ఉంటుంది. అందుకే సైలెన్స్ టీమ్ మీద వెరోమోస్, ఆబ్లివియన్ టీమ్ మీద డెల్ఫోయ్ అని విడగొట్టుకున్నాను.

బాంబులు ఇంకో తరహా. రెండు టర్న్‌ల తర్వాత పేలతాయి, డిఫెన్స్‌ని పట్టించుకోవు, పేలాక స్టన్ కూడా. బాంబు పడ్డవాడికి అటాక్ బార్ పెంచడం అంటే పేలుడుని దగ్గరికి లాక్కోవడమే. వెర్డెహైల్ లాంటి వాణ్ణి ఇక్కడికి తేకండి.

విల్ రూన్లు రెండు పెడితే ఆట మొదట్లో ఒక టర్న్ ఇమ్యూనిటీ వస్తుంది. అరీనాలో దాని విలువ చాలా ఎక్కువ, ఎందుకంటే గెలుపోటములు తరచూ ఆ మొదటి టర్న్‌లోనే తేలిపోతాయి. డ్రాగన్స్ లైర్‌లో మాత్రం బాస్‌ని చూసేలోపే అయిపోతుంది. ఇమ్యూనిటీ గురించి ఇంకో రెండు ముక్కలు: అప్పటికే పడి ఉన్న డీబఫ్‌ని అది తీయదు. అటాక్ బార్ తగ్గించడాన్ని కూడా అది ఆపదు, దాన్ని రెసిస్టెన్స్ ఒక్కటే ఆపగలదు. వెలుగు ఫెయిరీ క్వీన్ ఫ్రాన్ ఇచ్చే ఇమ్యూనిటీని నమ్ముకునేవాళ్ళు ముందు శుభ్రం చేసి తర్వాత ఇమ్యూనిటీ వేసే వరస పెట్టుకోవాలి. తిప్పి వేస్తే స్టన్ లోపలే ఉండిపోతుంది, పైన ఇమ్యూనిటీ మెరుస్తూ ఉంటుంది.

ప్రస్తుత పరిస్థితి

డ్రాగన్ పదికి నిలబెట్టిన అంకెలు:

వెరోమోస్: డెస్పెయిర్, ఎనర్జీ. స్పీడ్ 181. రెండో స్లాట్ స్పీడ్, ఆరో స్లాట్ హెచ్‌పీ.
బెల్లాడియన్: స్విఫ్ట్, ఫోకస్. యాక్యురసీ 56. ఆరో స్లాట్ హెచ్‌పీ.
వెర్డెహైల్: మార్చలేదు. క్రిటికల్ రేటు ముఖ్యం. గ్లాన్సింగ్ అయిన దెబ్బ క్రిటికల్ కాదు, బార్ కదలదు.
మేగన్, సిగ్మారస్: రూన్లు ముట్టుకోలేదు. ఇద్దరి స్పీడూ 170 దాటకుండా చూసుకుంటున్నాను, దాటితే వెరోమోస్ లెక్క మళ్ళీ కట్టాలి.

రూన్లు పీకడానికి మొత్తం మనా: 5,50,000. ఇందులో నిజంగా అవసరమైనవి రెండో స్లాట్ స్పీడ్‌కి 25,000, నాలుగో స్లాట్ మార్పుకి 50,000, బెల్లాడియన్ ఫోకస్‌కి 50,000. కలిపి 1,25,000.

తేలనిది ఒకటి ఉంది. బాస్ పక్కనున్న రెండు స్తంభాల్లో ఏదైనా ముందు కూల్చాలా, వదిలేసి నేరుగా డ్రాగన్‌ని కొట్టాలా? ఆటోలో వదిలేస్తే టీమ్ తనకు తోచినట్టు కొడుతోంది, గెలుస్తోంది. చేత్తో ఆడి రెండు రకాలకీ సమయం కొలవడం మొదలుపెట్టాను. మొదటి పేజీ ఇంకా నిండలేదు. వంద దాటకుండా ఏమీ రాయను.

నెక్రోపోలిస్ (ఇంకో గుహ) పదికి ఈ టీమ్ పనికిరాదు. అక్కడ బాస్ కవచం ఎక్కువసార్లు కొడితేనే పగులుతుంది, దానికి డీబఫ్‌లకంటే దెబ్బల సంఖ్య ముఖ్యం. దాని నోటుబుక్కు వేరే.